కూల్‌డ్రింక్ సీసాలో తుంగభద్ర

తుంగభద్రకు కొత్తనీరు వచ్చిందంటే కర్నూలులో మా వీధి కుళాయికి రెండు తప్పవు: పల్చటి డికాషన్ రంగు, ముక్కు పగిలే క్లోరిన్ వాసన. ఈ ఆగస్టులో రెండూ ఒకేసారి వచ్చాయి. రిటైరైనా నాలోని కెమిస్ట్రీ మాస్టారు ఊరుకోలేదు. ఏటి నీళ్ళలో కుళ్ళిన ఆకులూ గడ్డీ వదిలే హ్యూమిక్ పదార్థాలకు క్లోరిన్ తోడైతే మోతాదు మించితే ఒంటికి చేటైన క్లోరోఫామ్ లాంటి ట్రైహాలోమీథేన్లు పుడతాయి. 1974లో నెదర్లాండ్స్‌లో జోహన్నెస్ రూక్ బయటపెట్టిన ఈ సంగతిని ఇరవై రెండేళ్ళు క్లాసులో చెప్పినవాణ్ణి నేను.

ఇక్కడి నీటి సరఫరా ఆఫీసులో అడిగితే గులాబీ రంగు తిరిగిన చిన్న ట్యూబు చూపించి, "క్లోరిన్ సరిపడా ఉంది సార్" అని పంపేశారు. నేనడిగింది అది కాదు కదా! హైదరాబాద్‌లో ఒక ప్రైవేట్ ల్యాబ్ దొరికింది. డబ్బు కట్టాను.

కూల్‌డ్రింక్ సీసా శుభ్రంగా కడిగి, ముప్పాతిక దాకా నింపుకుని రాత్రి బస్సెక్కాను. కౌంటర్లో మా అమ్మాయి ఈడు పిల్ల. "ట్రైహాలోమీథేన్లు" అన్నాను, నలుగురికీ వినపడేలాగే. ఆ అమ్మాయి సీసాను వెలుతురుకెత్తి పట్టుకుని పైన ఖాళీ చూపించింది. "మీరు వెతికేది ఇక్కడికి ఎగిరొచ్చింది సార్. మూత తీస్తే అదీ పోతుంది. మిగిలిన క్లోరిన్ రాత్రంతా లోపల పని చేస్తూనే ఉంటుంది. ఇంక ఏం కొలవమంటారు?" వెనక బోరు నీళ్ళ క్యాన్‌తో నిలబడ్డాయన ఫక్కున నవ్వాడు. "ఏం చేస్తుంటారు సార్?" అని అడిగింది. రిటైరయ్యానన్నాను. ఏం చేసి రిటైరయ్యానో చెప్పలేదు.

నాలుగు గోధుమరంగు గాజు సీసాలిచ్చింది, ఒక్కోటి 40 మిల్లీలీటర్లు. అడుగున చిటికెడు థయోసల్ఫేట్, క్లోరిన్ పని ఆపడానికి. "కడగొద్దు సార్" అని రెండుసార్లు చెప్పింది, నా మొహం చూసి కాబోలు. కుళాయి సన్నగా తిప్పి, నీళ్ళు అంచు మీద ఉబ్బి నిలిచేదాకా పట్టాలి. మూత బిగించి, తలకిందులు చేసి, వేలితో తడితే బుడగ కనిపించకూడదు. మొదటిదాంట్లో పెసరగింజంత బుడగ. రెండోది పొర్లి మందంతా మోరీ పాలు. మూడూ నాలుగూ కుదిరాయి. ఐస్ డబ్బాలో పెట్టుకుని మళ్ళీ అదే బస్సు.

వారానికి రిపోర్టు వచ్చింది. క్లోరోఫామ్ లీటరుకు 0.07 మిల్లీగ్రాములు. తాగునీటికి మన దేశపు ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం 0.2 దాకా పర్వాలేదు. హమ్మయ్య! మీ రిపోర్టులో ఎక్కువొచ్చినా సరే, క్లోరిన్ ఆపమని మాత్రం గోల చేయకండి. వానాకాలం వాంతులూ విరేచనాలూ పట్టుకుంటే అప్పుడు తెలుస్తుంది దాని విలువ. పటిక సరిగ్గా వేసి, ఆ డికాషన్‌ని తేర్చాకే క్లోరిన్ కలపమని అడగండి.

మా ఆవిడ రిపోర్టు రెండు పేజీలూ తిరగేసింది. "ఇందులో వాసన సంగతి ఎక్కడ రాశారండీ?" అంది.