కుంట తవ్వితే సరిపోదు

మొన్నటి వానకు నిండుగా కనిపించిన పంట కుంటలో ఈ రోజు అడుగున బురదే మిగిలింది. అనంతపురం ఎర్రనేల అంతే, నీళ్లను పట్టి ఉంచదు.

ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే జిల్లా. అదీ ఓ నాలుగు పెద్ద వానల్లో కురిసేసి, మధ్యలో వారాల తరబడి చుక్క రాలదు. వేరుశనగకు ఊడలు (పువ్వు నుంచి నేలలోకి దిగి కాయగా మారే కాడలు) దిగే వేళ ఆ బెట్ట వచ్చిందంటే చెట్టు పచ్చగానే కనిపిస్తుంది, కాయ మాత్రం పట్టదు.

అప్పుడు 20 మిల్లీమీటర్ల తడి ఒక్కటి ఇవ్వగలిగితే చాలావరకు గట్టెక్కుతుంది. అంటే ఎకరాకు 80 వేల లీటర్లు. 10 మీటర్ల పొడవు, అంతే వెడల్పు, రెండున్నర మీటర్ల లోతున్న కుంటలో, గోడలు వాలుగా తీసినా, లక్ష లీటర్లు పడతాయి. నిలిస్తే కదా!

నిలవాలంటే ఆరు పాళ్లు జల్లించిన మట్టికి ఒక పాలు సిమెంటు కలిపి, గోడలకూ అడుగుకూ 5 సెంటీమీటర్ల మందాన పూత వెయ్యాలి. వారం పది రోజులు తడుపుతూ ఉండాలి, లేకపోతే పగుళ్లిస్తుంది. కుంటలోకి నీళ్లు వచ్చే చోట చిన్న గుంత ఉంటే ఒండ్రు అక్కడే ఆగుతుంది.

తవ్వకంతోనే పని అయిపోయిందనుకోవడం దగ్గరే అసలు నష్టం. పూత లేని కుంటను నమ్మలేక రైతు మళ్లీ అప్పు చేసి బోరు వేయిస్తాడు. అదీ ఎండితే పని వెతుక్కుంటూ బెంగళూరు బస్సు ఎక్కుతాడు.

కుంటలో నీళ్లున్నా తోడడానికి ఇంజను కావాలి. ఊరికి ఒక డీజిల్ ఇంజను, స్ప్రింక్లర్ పైపులు అద్దెకు దొరికేలా పెట్టినా ఎన్నో ఎకరాలు తడుస్తాయి.