ఈఎన్24 ‘టీ’ బార్: కొయ్యాలి, రుద్దకూడదు

బెంగళూరు పారిశ్రామికవాడ పీణ్యలో స్టీల్ కొట్టుకెళ్లి, షాఫ్టులకి వాడే నికెల్ కలిసిన స్టీల్ ‘ఈఎన్24 ఇవ్వండి’ అంటే సగమే అడిగినట్టు. ఎనీల్డ్ (వేడి చేసి మెత్తబరిచిన) బారా, ‘టీ’ బారా అన్నది కూడా చెప్పాలి. కంటికి రెండూ ఒకటే. ‘టీ’ అంటే 830–850 డిగ్రీల దగ్గర నుంచి నూనెలో చల్లార్చి, మళ్లీ అంతకంటే తక్కువ వేడిలో టెంపర్ చేసి, 850–1000 ఎంపీఏ బలానికి తెచ్చిన సరుకు. గట్టిదనం 248 నుంచి 302 బ్రినెల్. బ్రినెల్ పరీక్షలో 10 మి.మీ. బాల్‌తో 3000 కిలోల లోడ్ వేస్తే పడే గుంట 3.50, 3.85 మి.మీ. మధ్య ఉండాలి. 4.2 వచ్చిందంటే ఎనీల్డ్ బారైనా అంటగట్టి ఉండాలి, పైపొర మీదైనా బాల్ పెట్టి ఉండాలి. నల్ల బార్ (మిల్లు నుంచి వచ్చిన నల్లపొర తియ్యనిది) పైపొరలో కార్బన్ పోయి మెత్తబడి ఉంటుంది, దాన్ని గ్రైండ్ చేశాకే చూడాలి.

గట్టిదనం సరిపోయినా గ్రేడ్ వేరే కావచ్చు. ఈఎన్24లో నికెల్ 1.3–1.7 శాతం, దాన్ని పోలిన ఈఎన్19 స్టీల్లో వేయరు. గ్రైండర్ మీద స్పార్క్ చూసి గ్రేడ్ చెప్పేస్తామనే పెద్దలు ప్రతి షాపులోనూ ఉంటారు గానీ, ఈ రెంటి విషయంలో నాకు స్పెక్ట్రో రిపోర్ట్ (ఏ లోహం ఎంత శాతమో చెప్పే ల్యాబ్ పరీక్ష) మీదే నమ్మకం. సన్న షాఫ్టులో తేడా తెలియదు. 120 మి.మీ. బార్ నడిమి దాకా గట్టిపడాలంటే ఆ నికెల్ కావాలి.

టర్నింగ్‌కి భయపడాల్సిందేమీ లేదు. పీ25 గ్రేడ్ కోటెడ్ ఇన్సర్ట్ (టూల్‌కి బిగించే కోత పలక), సైజు సీఎన్‌ఎంజీ 120408, నిమిషానికి 140 మీటర్లు, ఫీడ్ తిరుగుకి 0.25 మి.మీ., లోతు 2 మి.మీ. 50 మి.మీ. జాబ్‌కి దాదాపు 890 ఆర్‌పీఎం. నల్ల బార్ అయితే మొదటి కట్‌లోనే ఇన్సర్ట్ ముక్కు పైపొర కిందికి దిగాలి. పొర మీదే గీకుతూ పోతే ఎడ్జ్‌కి గాడి పడుతుంది. చిప్ నీలంగా రాలితే కంగారుపడకండి, వేడి చిప్‌తో పోతోందన్నమాట. అదే హెచ్‌ఎస్‌ఎస్ (హైస్పీడ్ స్టీల్) టూల్‌తో నీలం వస్తే వెంటనే స్పీడ్ తగ్గించండి.

ఎక్కువ జాబ్‌లు చెడేది ఫినిషింగ్‌లో. 0.8 నోస్ (ముక్కు గుండ్రం 0.8 మి.మీ.) ఇన్సర్ట్‌కి పక్కకి 0.1 మి.మీ. మాత్రమే వదిలితే అది కొయ్యదు, రుద్దుతుంది. జాబ్ వేడెక్కుతుంది, కొలిచినప్పుడు సరిగ్గా ఉన్న సైజు చల్లారాక తక్కువ చూపిస్తుంది. 0.4 నోస్ వేసి, పక్కకి 0.3 అయినా వదలండి.

ఇక ట్యాపింగ్. ఎం10 మరకి అందరూ 8.5 మి.మీ. డ్రిల్ వేస్తారు. ఈ స్టీల్లో 8.6 వేయండి. 6హెచ్ టాలరెన్స్‌లో లోపలి వ్యాసం 8.676 దాకా ఒప్పుకుంటారు కాబట్టి గేజ్ పాసవుతుంది, ట్యాప్ మీద భారం తగ్గుతుంది. హెచ్‌ఎస్‌ఎస్ డ్రిల్ 450 ఆర్‌పీఎం, ట్యాప్ 160 చాలు. అటు నుంచి ఇటు పోయే రంధ్రానికి స్పైరల్ పాయింట్ ట్యాప్, అడుగు మూసి ఉండే బ్లైండ్ రంధ్రానికి స్పైరల్ ఫ్లూట్ ట్యాప్. కూలెంట్ నీళ్లతో సరిపెట్టకుండా కటింగ్ ఆయిల్ పొయ్యండి. డ్రిల్ మొద్దుబారాక కూడా నెడితే రంధ్రం గోడ వేడెక్కి గట్టిపడుతుంది. తర్వాత విరిగే ట్యాప్‌ని అందరూ తిడతారు, తప్పు డ్రిల్‌ది.

వెల్డింగ్ సంగతి వస్తే, వద్దు. తప్పదంటే ప్రీహీట్ (ముందుగా జాబ్‌ని వేడి చెయ్యడం) లేకుండా ముట్టుకోకండి.

పొడవాటి షాఫ్టుకి ఒక పక్కే కీవే (కీ కూర్చునే గాడి) కోస్తే, లోపల బిగుసుకున్న స్ట్రెస్ విడిపోయి షాఫ్ట్ వంగుతుంది. రఫింగ్‌లోనే కీవే కూడా తీసి, అన్ని పక్కలా మెటీరియల్ వదిలి, ఆ స్ట్రెస్ పోయేలా వేడి చేసే స్ట్రెస్ రిలీవ్‌కి పంపి, ఆ తర్వాతే ఫినిష్ చెయ్యాలి. వేడి, టెంపర్ చేసిన దానికంటే 30–50 డిగ్రీలు తక్కువ ఉండాలి. దాటితే కొన్న గట్టిదనమే పోతుంది. టెంపర్ ఎంతలో చేశారో సర్టిఫికెట్‌లో లేకపోతే బార్ అమ్మినవాళ్లనే అడగండి. షాఫ్ట్‌ని ఫర్నేస్‌లో వేలాడదీయమని చలాన్ మీద రాసివ్వండి. అడ్డంగా పడుకోబెడితే ఆ వేడికి తన బరువుకే వంగుతుంది.