కప్పు లేని బండిలో నాన్న

బెటుస్ ఎ కోయిడ్, వేల్స్. మంగళవారం రాత్రి.

నాన్న స్నానానికెళ్ళారు. చేతులకంటిన గ్రీజు ఈ గెస్ట్‌హౌస్ సబ్బుకి లొంగేలా లేదు, బట్టల సబ్బు పొడి దొరుకుద్దేమో అడగమన్నారు. అడిగి తెచ్చిచ్చాను. ఆయన బయటికొచ్చేలోపు నాలుగు ముక్కలు రాసుకోవాలి.

అసలు ఈ ప్రయాణం మా ఆయనా నేనూ అనుకున్నది. బండికి రెండే సీట్లు. గుంటూరు నుంచి అమ్మానాన్నా వచ్చి ఇంట్లో ఉంటే, వాళ్ళనొదిలి మేమిద్దరం షికారుకెళ్ళడం ఏం బావుంటుంది? "మామయ్యగారిని తీసుకెళ్ళు, అత్తయ్యగారినీ పిల్లల్నీ నేను చూసుకుంటా" అని మా ఆయనే తేల్చేశాడు. అమ్మ పులిహోర, కారప్పూస కట్టిచ్చి, చెవుల్లోకి గాలి పోకుండా మంకీ క్యాప్ తియ్యనివ్వొద్దని నాకు అప్పజెప్పింది.

బండి అంటే 1970 నాటి ఎంజీబీ, కప్పు తీసేసే చిన్న కారు, ముదురాకుపచ్చ రంగు. నాన్నకి ఎంజీ అంటే గుంటూరు రోడ్ల మీద తిరిగే హెక్టర్. ఇదీ ఆ పేరుదేనని, ఆక్స్‌ఫర్డ్ పక్కనున్న ఆబింగ్డన్‌లో 1962 నుంచి 1980 దాకా ఈ బళ్ళు తయారయ్యాయని చెప్తే "అట్టాగా" అన్నారు, మర్యాదకి. డిక్కీ తెరిచి, అందులో సగం స్టెప్నీ చక్రమే పడుకుని ఉండటం చూసి మాత్రం నవ్వారు. ఇంత డబ్బు పోసి సామాను పట్టని బండి కొనుక్కున్న కూతురి మీద ఆయనకి ఒక అభిప్రాయం ఏర్పడిపోయిందని అర్థమైంది.

ఆ అభిప్రాయం ఈ పొద్దున మారింది. ఆయిలు చూద్దామని బానెట్ ఎత్తాను. నాన్న ఊరికే వచ్చి పక్కన నిలబడి, కాసేపటికి వంగి, కళ్ళద్దాలు పైకి నెట్టుకుని, ఎగ్జాస్టు కింద ఉన్న రెండు చిన్న రేకు మూతల మీద వేలు పెట్టారు.

"అమ్మాయ్, ఇది మన అంబాసిడరు ఇంజనే గదా!"

నిజమే. అంబాసిడర్ ఒకప్పటి మోరిస్ ఆక్స్‌ఫర్డ్ అనే బ్రిటిష్ కారే. దానికి దశాబ్దాలపాటు వేసిన 1489 సీసీ ఇంజనూ, దీంట్లోని 1798 సీసీ ఇంజనూ బీఎంసీ (బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్) వాళ్ళ బీ-సిరీస్ అనే ఒకే కుటుంబంలోవి. నేనిది చదివి తెలుసుకున్నాను. ఆయన తడిమి చెప్పారు. డిస్ట్రిబ్యూటర్ ఈ పక్క, ప్లగ్గులు ఈ పక్క, సిలిండర్లు పేలే వరస 1-3-4-2, వాల్వుల టాపెట్ గ్యాపు పదిహేను థౌ (అంగుళంలో వెయ్యింట పదిహేను వంతులు), అంటూ వరసబెట్టి అప్పజెప్పారు. సొంత అంబాసిడర్ టాక్సీ మీద తిరుపతికీ శ్రీశైలానికీ పార్టీల్ని తిప్పిన మనిషి. "దీనికి కార్బరేటర్లు రెండా! మనదానికి ఒకటే. అది సంసారి, ఇది షోకిల్లా" అన్నారు. తర్వాత తాళం తిప్పగానే వెనకనుంచి టిక్ టిక్ టిక్ మని వినబడితే అదేంటని అడిగారు. ఎలక్ట్రిక్ పెట్రోలు పంపు నాన్నా, కార్బరేటర్లు నిండగానే నిదానిస్తుంది అన్నాను. తలూపి ఊరుకున్నారు.

కాపెల్ కిరిగ్ దాటి, పెన్ ఎ గూరిడ్ దగ్గర ఎడమకి తిరిగితే బెద్‌గెలర్ట్ వైపు దిగుతాం. లోయలో లిన్ గ్వినాంట్ చెరువు. పక్కన రాళ్ళ గోడలు, గోడల మీదనుంచి దూకొచ్చే గొర్రెలు, ఎదురుగా బస్సు వస్తే ఊపిరి బిగపట్టాల్సినంత దారి. కప్పు తీసిన బండిలో పోతుంటే తడి గడ్డి వాసన, పొగ వాసన, గొర్రెల వాసన అన్నీ వేరువేరుగా తెలుస్తాయి. గాలి హోరులో మాట వినపడదు కాబట్టి ఇద్దరం అరుచుకుంటూ మాట్లాడుకున్నాం. ప్రతి మలుపులోనూ నాన్న కుడికాలు లేని బ్రేకుని తొక్కుతూనే ఉంది. "సెకండులో దిగమ్మా, బ్రేకు మీద దిగమాక" అని దోర్నాల ఘాట్‌లో నేర్చుకున్నదంతా నాకు వల్లె వేయించారు. మంకీ క్యాప్ పెట్టుకుని బోనులో నిలబడ్డ సాక్షిలా బిగుసుకుని కూర్చున్న ఆయన్ని చూసి ఎదురొచ్చే వాళ్ళు చెయ్యూపుతుంటే, మొదట్లో కంగారుపడి, తర్వాత ముందు తనే ఊపడం మొదలుపెట్టారు.

స్టీరింగు ఇవ్వలేకపోయాను. మన లైసెన్సు మీద వచ్చినవాళ్ళు ఏడాది దాకా ఇక్కడ నడపొచ్చు గానీ, ఈ బండి ఇన్సూరెన్సులో మా ఇద్దరి పేర్లే ఉన్నాయి. ఆయన అడగలేదు. అడగకపోవడమే కొంచెం కష్టంగా అనిపించింది.

బెద్‌గెలర్ట్‌లో కుక్క సమాధి చూశాం. పసివాడి ఉయ్యాల పక్కన నోటినిండా నెత్తురుతో ఉన్న కుక్కని చూసి, బిడ్డని చంపిందనుకుని రాజు నరికేశాడట. తీరా చూస్తే కుక్క చంపింది తోడేలుని. "ఇది మన ముంగిస కథ గదా, పాము బదులు తోడేలు పెట్టుకున్నారు" అని నాన్న తేల్చేశారు. అక్కడే బెంచీ మీద పులిహోర తిన్నాం.

చినుకులు మొదలయ్యాయి. కప్పు వేయడమంటే మీట నొక్కితే వచ్చేది కాదు. ఇనప చట్రం లేపి, గుడ్డ లాగి, అద్దం పైఅంచుకి కొక్కేలు తగిలించి, పక్కలంతా టిచ్ బటన్లు నొక్కాలి. అంతా అయ్యాక కూడా అద్దం మూలనుంచి ఒక్కో చుక్క నాన్న ఎడమ మోకాలి మీదే పడింది. ఆయన జేబురుమాలు మడిచి అక్కడ వేసుకున్నారు.

తాళం తిప్పాను. స్టార్టరు తిరుగుతోంది, ఇంజను పట్టుకోవడం లేదు. నేను చోక్ లాగబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపారు.

"ఉండు. ఆ టిక్కు టిక్కు లేదు."

విన్నాను. లేదు. పాత పంపులో పాయింట్లు, అంటే కరెంటు కలిపి తెంపే బిళ్ళలు, అరిగితే ఒక్కోసారి అతుక్కుపోతాయి. కుడి వెనకచక్రానికి కాస్త ముందు, బండి అడుగున ఉంటుందది. నేను దిగేలోపే ఆయన సీటు కింద ప్లాస్టిక్ సంచీ లాగి రోడ్డు మీద పరిచి, మంకీ క్యాప్‌తోనే ఒక పక్కకి ఒరిగి, "స్పానరియ్యి" అన్నారు. తాళం ఆన్‌లో పెట్టమన్నారు. స్పానరు వెనకవైపుతో రెండుసార్లు తట్టారో లేదో టిక్ టిక్ టిక్. కిందనుంచి ఆయన నవ్వు వినిపించింది. మే నెల ఎండల్లో అంబాసిడర్ పంపు వేడెక్కితే తడిగుడ్డ చుట్టేవాళ్ళం, దీనికి దెబ్బలే మందు అన్నారు లేస్తూ.

తిరుగుదారిలో అడిగారు, ఇట్టాంటి పంపు కొత్తది దొరుకుద్దా అని. దొరుకుతుంది నాన్నా, పాయింట్లు లేని రకం కూడా ఉంది, ఆ మాటకొస్తే 1988 నుంచి బండి బాడీ మొత్తం కొత్తగా చేసి అమ్ముతున్నారు అన్నాను. బండికి 40 ఏళ్ళు నిండితే రోడ్డు టాక్సు మాఫీ, ఏటా చేయించే పరీక్ష కూడా అక్కర్లేదని చెప్పాను. నాన్న చాలాసేపు మాట్లాడలేదు. మన దగ్గర బండి పాతబడితే గ్రీన్ టాక్సు. నాన్న అంబాసిడర్‌ని పాత ఇనుము వాళ్ళు కిలోల లెక్కన కొనుక్కెళ్ళారు. అప్పుడు నేనిక్కడే ఉన్నాను, ఫోన్లో "అడ్డం తొలిగింది లెండి" అన్నట్టు గుర్తు. ఆ సంగతి ఇద్దరం ఎత్తలేదు.

నాన్న బయటికొచ్చారు. గోళ్ళలో ఇంకా నలుపు పోలేదు, దాని ధ్యాస కూడా లేదు.

"టాపెట్ గ్యాపు కొలిచే ఫీలర్ గేజుందా?"

"టూల్ రోల్‌లో ఉంది. ఎందుకు?"

"టాపెట్లు కాస్త గోల చేస్తన్నయ్. ఇంజను వేడి మీదే చూడాల. టిఫినుకి ముందు నువ్వట్టా ఊరవతలి దాకా పోయి తిప్పుకురా, నేను గోనె పరిచి పెట్టుకుంటా."

రేపు లాన్‌బెరిస్ కొండ రైలుకి పొద్దున్నే టిక్కెట్లు కొని ఉన్నాయి. ఇంకా చెప్పలేదు.