తెలిసిన పిట్టలకు మళ్లీ పుస్తకం ఎందుకు?

కొత్తగా పిట్టలు చూడటం మొదలుపెట్టినవాళ్లు బొమ్మలు చూసి పిట్టల్ని గుర్తుపట్టే పుస్తకం, అంటే ఒక గైడ్ కొని, అట్టలు ఊడేదాకా దాన్నే వాడతారు. కొత్త ఎడిషన్ అనగానే ఎగబడేది మాత్రం దాని అవసరం పెద్దగా లేని మాలాంటివాళ్లమే. వడ్డేపల్లి చెరువులో బుడబుంగను గుర్తుపట్టడానికి నాకు బొమ్మ అక్కర్లేదు. అయినా గ్రిమ్మెట్, ఇన్‌స్కిప్ దంపతులు రాసిన 1998 గైడ్ ఇంట్లో ఉండగానే, 2011లో వచ్చిన రెండో ఎడిషన్ కూడా తెప్పించుకున్నా. "గిదే పుస్తకం ఇంట్ల ఉండె గదా, మళ్ల తెచ్చిన్రా?" అంది మా ఆవిడ. అట్ట మీద పేరు అదే మరి, ఏం చెప్పను!

కొత్తది చేతికి రాగానే ఎవరూ నెమలి పేజీ తీయరు. నేనైతే ముందు పిపిట్ల పేజీ తీస్తా. చలికాలంలో ధర్మసాగర్ పక్కన వరి కోసిన మడుల్లో తిరిగే ఈ గోధుమరంగు గీతల పిట్టలు ఎంత అనుభవం ఉన్నవాడినైనా ఏడిపిస్తాయి. ప్యాడీఫీల్డ్ పిపిట్ ఏడాదంతా మన దగ్గరే ఉంటుంది. రిచర్డ్స్, బ్లైత్స్ పిపిట్లు చలికాలపు చుట్టాలు. రెక్క మీద మధ్య వరుస ఈకల్లో నల్ల మచ్చ బ్లైత్స్‌కు దాదాపు చదరంగా, అంచు తేటగా ఉంటుంది. రిచర్డ్స్‌కు అది త్రికోణంలా మొనదేలుతుంది, వెనక గోరూ పొడుగే. లేత పిట్టల్లో ఆ మచ్చనూ నమ్మలేం. ఈ చిన్న మచ్చను బొమ్మలో ఎలా వేశారో చూడటానికే పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టుకుని, లెన్స్‌తో రాత్రి పన్నెండు దాకా కూర్చుంటా. ఇదో పిచ్చి, ఒప్పుకుంటా.

పాతది ఎనిమిది వందల పేజీలు దాటిన పుస్తకం. నేను మెడికల్ రెప్‌ని. ములుగు, భూపాలపల్లి, కాగజ్‌నగర్ తిరిగే బ్యాగులో శాంపిళ్లు పట్టాలా, అది పట్టాలా? కొత్తది బరువు తగ్గింది. బొమ్మకు ఎదురుగానే వివరం, పోస్టల్ స్టాంపంత మ్యాప్. ఆ మ్యాప్‌లో మన వైపు రంగు పడిందా లేదా అని వెతుక్కోవడం మరో సరదా.

అసలు డబ్బులు గిట్టుబాటయ్యింది రాబందుల దగ్గర. 1998 పుస్తకంలో లాంగ్-బిల్డ్ వల్చర్ (పొడుగుముక్కు రాబందు) ఒకటే జాతి. 2001లో రాస్ముసెన్, ప్యారీ అనే పక్షి పరిశోధకులు అది నిజానికి రెండు జాతులని చూపించారు. హిమాలయాల కింద చెట్ల మీద గూడు పెట్టే సన్నముక్కుది వేరు, దక్షిణాన కొండచరియల మీద గూడు పెట్టేది వేరు. బెజ్జూర్ అడవిలో పాలరాపు గుట్ట మీద కనిపించినవి ఈ రెండో రకం. కొత్త ఎడిషన్‌లో రెండూ విడివిడిగా ఉన్నాయి. గుట్టా చెట్టూ చూసి గుర్తుపట్టేయొచ్చని తేలిగ్గా అనేస్తాం గానీ, ఎగిరేటప్పుడు తల, మెడ మీద నూగు, ముక్కు మందం చూడాల్సిందే.

రాబందుల్ని చంపింది డైక్లోఫెనాక్ అనే నొప్పుల మందు. మా లైన్లో ఆ పేరు వింటే గుర్తొచ్చేది మోకాళ్ల నొప్పి. పశువులకు ఆ మందు వేస్తే, వాటి కళేబరం తిన్న రాబందులకు కిడ్నీలు పాడయ్యేవి. పశువుల మందుగా 2006లో నిషేధించారు. మనుషుల కోసమని తయారైన పెద్ద సీసాలు పశువులకు వాడుతున్నారని 2015లో వాటినీ ఆపి, 3 మి.లీ. సైజుకు పరిమితం చేశారు. గైడ్‌లో ఆ రాబందు బొమ్మ చూసినప్పుడల్లా నా బ్యాగు వైపు ఓసారి చూస్తా.

యాప్ ఉండగా ఇదంతా ఎందుకంటారు కుర్రాళ్లు. కూత వినిపించగానే పేరు చెప్పడంలో మెర్లిన్ యాప్‌తో పోటీపడలేం, నేనూ వాడతా. కానీ దానితో వాదించలేం. పుస్తకం మార్జిన్లో "పాకాలలో ముక్కు ఇంత నల్లగా లేదు" అని పెన్సిల్‌తో రాసుకోవచ్చు.

కొత్తవాళ్లు అడిగితే సెకండ్ హ్యాండ్‌లో పాత ఎడిషన్ చాలనే చెబుతా. ఇంకో ఎడిషన్ వస్తోందంటే మాత్రం నేను ముందే బుక్ చేసేస్తా, ఇంటికి కాదు, మా స్టాకిస్ట్ షాపు అడ్రస్‌కు.