గాలి కొలిచాకే బిల్లు: మా ఇంటి వెంటిలేషన్ అనుభవం

చలిదేశంలో పాత ఇల్లు కొన్నవాళ్లు మొదట చేసే పని సందులు మూయడం. మేమూ అదే చేశాం. అటక మీద ఇన్సులేషన్ మందంగా వేయించాం, కిటికీ చట్రాల చుట్టూ, బేస్‌మెంట్ గోడకీ దాని మీది చెక్క ఫ్రేముకీ మధ్య, కరెంటు వైర్లు అటకలోకి వెళ్లే కన్నాల దగ్గర ఫోమ్ కొట్టించాం. ఇల్లు వెచ్చబడింది, ఇంటిని వేడిచేసే ఫర్నేస్ తిరగడం బాగా తగ్గింది. ఆ తర్వాతి చలికాలంలో పొద్దున్నే లేచి చూస్తే పడగ్గది కిటికీ అద్దాల అడుగున నీళ్లు, చట్రం మూలల్లో నల్లటి బూజు, గది తలుపు తీయగానే ముక్కుకు తగిలే ముక్కిపోయిన వాసన.

ఇది చూసినవాళ్లందరూ కిటికీలు మార్చెయ్యండి అన్నారు. అద్దం చల్లగా ఉండటం సగం కారణం మాత్రమే, లోపలి తేమకు బయటికి పోయే దారి లేకపోవడం మిగతా సగం. గది 20 డిగ్రీల్లో ఉండి తేమ 50 శాతం ఉంటే, 9 డిగ్రీలకన్నా చల్లగా ఉన్న దేనిమీదైనా నీరు పట్టేస్తుంది. బయట మైనస్ 20 ఉన్నప్పుడు రెండద్దాల కిటికీ అంచులు అంతకన్నా చల్లగానే ఉంటాయి. నలుగురున్న ఇంట్లో ఊపిరి, చెమట, స్నానాలు, వంట, ఉతుకు అన్నీ కలిపి రోజుకు పది లీటర్లు అటూ ఇటూగా నీరు గాల్లో కలుస్తుంది. ఇదివరకు అది సందుల్లోంచి పోయేది, దాంతోపాటు మనం డబ్బు పోసి వేడిచేసిన గాలీ పోయేది.

కిటికీల జోలికి వెళ్లేముందు ఒక కార్బన్ డయాక్సైడ్ మీటర్ కొన్నాను. కొనేటప్పుడు ఒకటి చూసుకోండి, అందులో ఎన్‌డీఐఆర్ సెన్సార్, అంటే పరారుణ కాంతితో నేరుగా ఆ వాయువునే కొలిచేది ఉండాలి. చవకవాటిలో చాలా వరకు కార్బన్ డయాక్సైడ్‌ని కొలవనే కొలవవు, గాల్లోని వేరే ఆవిర్లను చూసి ఒక అంచనా అంకె వేస్తాయి, పక్కన సెంటు కొట్టినా అంకె ఎగిరిపోతుంది. ఆరుబయట పెట్టి చూస్తే 420, 430 పీపీఎం (పది లక్షల భాగాల గాలిలో ఇన్ని భాగాలు) దగ్గర చూపించాలి, అలా చూపిస్తే నమ్మొచ్చు. మా పడగ్గదిలో తలుపు వేసుకుని ఇద్దరం పడుకుంటే తెల్లారేసరికి 2300 దాటుతోంది. ఆ అంకె చూసి మా ఆవిడకు టెన్షన్ పట్టుకుంది కానీ అది విషం స్థాయి కాదు, అమెరికాలో పనిచేసే చోట ఎనిమిది గంటల సగటుకు పెట్టిన పరిమితే 5000. అసలు సంగతి వేరే. కార్బన్ డయాక్సైడ్ అంత పేరుకుందంటే గాలి మారడం లేదని, తేమా, వాసనలూ, ఫర్నిచర్‌లోంచి వచ్చే ఆవిర్లూ అన్నీ అక్కడే తిరుగుతున్నాయని. ఇది కొత్త సంగతేమీ కాదు, 1858లోనే మ్యూనిక్‌లో మాక్స్ ఫాన్ పెటెన్‌కోఫర్ అనే ఆయన గదిలో గాలి బాగుందో లేదో చెప్పడానికి 1000 పీపీఎం అనే గీత గీశాడు.

అప్పుడు మా దగ్గరికి వచ్చి ఉన్న మా అత్తగారు, "కిటికీ కాస్త ఓరగా తీస్తే పోయేదానికి ఈ మిషన్లన్నీ ఎందుకు బాబూ?" అన్నారు. ప్రశ్న సబబైనదే. పగలు పది నిమిషాలు రెండు వైపులా కిటికీలు బార్లా తీసి మూసేస్తే గాలి మారుతుంది, గోడలు చల్లబడవు కాబట్టి ఇల్లు త్వరగానే మళ్లీ వేడెక్కుతుంది, మేమూ కొన్నాళ్లు అలాగే నడిపాం. కానీ మనకు గాలి కావాల్సింది ఎనిమిది గంటలు నిద్రపోయే వేళ. మైనస్ 20లో రాత్రంతా కిటికీ తెరిచి పడుకోలేం, పైగా దాంట్లోంచి ఎంత గాలి రావాలో గాలివాటం నిర్ణయిస్తుంది గానీ మనం కాదు.

తర్వాత ఇంటికి ఎన్ని సందులున్నాయో తేల్చే బ్లోయర్ డోర్ టెస్ట్ చేయించాం. వాకిలి గుమ్మానికి గుడ్డ బిగించి అందులో పెద్ద ఫ్యాన్ పెట్టి, లోపలికీ బయటికీ గాలి ఒత్తిడిలో 50 పాస్కల్స్ తేడా వచ్చేదాకా గాలి బయటికి లాగుతారు, ఆ తేడా నిలబెట్టడానికి ఎంత గాలి లాగాల్సి వస్తోందో చూసి ఇల్లు ఎంత బిగువుగా ఉందో లెక్కగడతారు. మాకు ఆ ఒత్తిడిలో ఇంట్లోని గాలంతా గంటకు 1.5 సార్లు మారుతుందని వచ్చింది. అతి తక్కువ వేడితో నడిచేలా కట్టే పాసివ్ హౌస్ ఇళ్ల ప్రమాణానికి 0.6 దాటకూడదు కాబట్టి మాది ఆ లెక్కన గొప్పేం కాదు, అయినా మామూలు పాత ఇళ్లతో పోలిస్తే చాలా బిగువు. ఆ అంకెను 20తో భాగిస్తే మామూలు రోజుల్లో తనంతట తానుగా ఎంత గాలి మారుతుందో ఉజ్జాయింపుగా తెలుస్తుంది. మా ఇంట్లో గాలి ఒకసారి పూర్తిగా మారడానికి దాదాపు 13 గంటలన్నమాట.

మరి ఎంత కావాలి? ఆష్‌రే అనే అమెరికా ఇంజనీర్ల సంఘం ఇళ్ల వెంటిలేషన్‌కు పెట్టిన 62.2 ప్రమాణంలో సులువైన సూత్రం ఉంది. చదరపు అడుగుకు 0.03 సీఎఫ్ఎం, దానికి తోడు పడగ్గదుల సంఖ్యకు ఒకటి కలిపి ఒక్కోదానికి 7.5 సీఎఫ్ఎం. సీఎఫ్ఎం అంటే నిమిషానికి ఇన్ని ఘనపుటడుగుల గాలి. మాది 2000 చదరపు అడుగులు, మూడు పడగ్గదులు, కాబట్టి 60, 30 కలిపి 90. ఈ 90 అన్న అంకెను గుర్తుపెట్టుకున్నాను, తర్వాత జరిగిన వాదనలన్నిట్లో నా చేతిలో ఉన్న ఆయుధం అదొక్కటే.

అన్నిటికన్నా తేలిక దారి, బాత్రూమ్ ఎగ్జాస్ట్ ఫ్యాన్‌ను ఆపకుండా తిప్పడం. గాలి పోతుంది, కానీ దాని బదులు వచ్చే గాలి ఎక్కడినుంచి వస్తుందో మన చేతిలో ఉండదు. గ్యారేజీలోంచి రావచ్చు, బేస్‌మెంట్ నేల పగుళ్లలోంచి రావచ్చు. మా వాటర్ హీటర్ పొగగొట్టంతో పనిచేసే పాత రకం, ఇల్లు అయిదు పాస్కల్స్ లోపలికి గుంజినా ఆ పొగ పైకి పోవడం మానేసి ఇంట్లోకి తిరగబడే ప్రమాదం ఉంది. అందుకే పంపేదీ తెచ్చేదీ రెండూ ఒకే మిషన్ చేసే పద్ధతికి వచ్చాం. పోయే గాలీ వచ్చే గాలీ ఒకదానితో ఒకటి కలవకుండా ఒకే కోర్‌లోంచి పక్కపక్కన వెళ్తాయి, పోయేది తన వేడిని వచ్చేదానికి ఇచ్చేసి వెళ్తుంది. 1977లో కెనడాలోని రెజీనాలో కట్టిన సస్కాచెవాన్ కన్సర్వేషన్ హౌస్‌లోనే ఇలాంటిది పెట్టారు.

ఇందులో రెండు రకాలు. హెచ్‌ఆర్‌వీ వేడిని మాత్రమే వెనక్కి ఇస్తుంది, ఈఆర్‌వీ తేమను కూడా కొంత వెనక్కి ఇస్తుంది. మా కిటికీల సంగతి విన్న ప్రతి ఒక్కరూ తేమ ఎక్కువైంది కాబట్టి హెచ్‌ఆర్‌వీయే అన్నారు. నేను ఒక రాత్రి కూర్చుని లెక్క వేశాను. మైనస్ 20 దగ్గర ఘనపు మీటరు గాలిలో ఉండగలిగే నీరు దాదాపు ఒక గ్రాము, అదే 20 డిగ్రీల దగ్గర 17 గ్రాముల పైచిలుకు. అంటే బయటి గాలిని తెచ్చి ఊరికే వేడిచేస్తే దాని తేమ 6 శాతం. 90 సీఎఫ్ఎం అంటే గంటకు దాదాపు 153 ఘనపు మీటర్లు, మేం కలిపే నీరు రోజుకు పది లీటర్లు అనుకుంటే హెచ్‌ఆర్‌వీతో ఇంట్లో తేమ 21 శాతం దగ్గర ఆగుతుంది. గొంతు ఎండిపోయి, పెదాలు పగిలి, చివరికి గాలిలో తేమ పెంచే మిషన్ ఇంకోటి కొనాలి. పోయే తేమలో సగం వెనక్కి ఇచ్చే ఈఆర్‌వీ అయితే 37 శాతం వస్తోంది. మేం ఈఆర్‌వీ తీసుకున్నాం. చిన్న ఇంట్లో ఎక్కువమంది ఉంటే, లేదా చలి మరీ అంత ఘోరంగా లేని తడి ప్రాంతమైతే ఇదే లెక్క హెచ్‌ఆర్‌వీ వైపు తిరుగుతుంది, కాబట్టి ఎవరి ఇంటికి వాళ్లు వేసుకోవాల్సిందే.

గాలిని మోసే గొట్టాలు, అంటే డక్టుల దగ్గర అసలు పని మొదలైంది. ఒక కాంట్రాక్టరు మిషన్ రెండు కొసలూ ఫర్నేస్ డక్టుకే కలిపేస్తానన్నాడు. పని తేలిక, కానీ గాలి గదులకు చేరాలంటే ఫర్నేస్ పెద్ద ఫ్యాన్ రోజంతా తిరగాలి, వద్దన్నాం. విడి డక్టులు వేయించాం. మంచి గాలి పడగ్గదుల్లోకి, హాల్లోకి. చెడు గాలి బాత్రూముల్లోంచి, బట్టలు ఉతికే గదిలోంచి. ఒక చోట వచ్చి ఇంకో చోట పోవాలి కాబట్టి మధ్యలో తలుపుల కింద రెండు సెంటీమీటర్ల సందు ఉండేలా చెక్క కోయించాం, లేకపోతే తలుపు వేయగానే దారి మూసుకుపోతుంది. మంచి గాలి వచ్చే జాలీ మంచం మీద పడకుండా గోడకు పైన పెట్టించుకోండి. 75 శాతం వేడి తిరిగి ఇచ్చే మిషన్ అయినా బయట మైనస్ 20, లోపల 21 ఉంటే గదిలోకి వచ్చే గాలి 11 డిగ్రీల్లో ఉంటుంది, అది రాత్రంతా మొహం మీద కొడితే రెండో రోజే మిషన్ ఆపేస్తారు. బయట గోడకు పెట్టే రెండు మూతుల మధ్య ఆరడుగుల ఎడం ఉండాలి, గాలి లోపలికి లాగే మూతి మంచు పేరుకునే ఎత్తుకు పైన, కారు నిలిపే చోటికీ బట్టల డ్రైయర్ గొట్టానికీ దూరంగా ఉండాలి.

బిగించడం అయిపోయాక ఇన్‌స్టాలర్ మిషన్ ఆన్ చేసి, జాలీ దగ్గర టిష్యూ పేపర్ పెట్టాడు. అది అతుక్కుంది. "చూశారా, లాగుతోంది" అని బిల్లు చేతిలో పెట్టాడు. నాకు పేపర్ కాదు, అంకె కావాలి. ఎన్ని సీఎఫ్ఎం వస్తోంది, ఎన్ని పోతోంది అని అడిగితే మిషన్ మీద రాసి ఉంటుంది కదండీ అన్నాడు. మిషన్ మీద ఉండేది ల్యాబులో వచ్చిన అంకె, మా డక్టుల మలుపులు దానికి తెలియవు. మొహమాటం పక్కన పెట్టి, గాలి కొలిచి కాగితం మీద రాసి ఇస్తేనే చివరి వాయిదా అన్నాను. కాసేపు గొణిగాడు, తర్వాత వాళ్ల ఆఫీసు నుంచి గాలి కొలిచే హుడ్ పట్టుకుని ఇంకొకాయన వచ్చాడు. వచ్చేది 94, పోయేది 61. బాత్రూమ్ పైన సీలింగ్‌లో ముడతలు ముడతలుగా ఉండే ఫ్లెక్స్ డక్టును అవసరానికి మించి వదిలేసి చుట్ట చుట్టి కుక్కారు, గాలి అక్కడే చస్తోంది. మిగులు కోసేసి, మిగిలింది తిన్నగా లాగి బిగించి, డక్టుల్లో గాలిని తగ్గించి పెంచే రేకులు, అదే డ్యాంపర్లు సర్ది మళ్లీ కొలిస్తే 91, 88.

ఆ తేడాకి ఇంత పట్టుదల దేనికని మా ఆవిడ కూడా అడిగింది. పోయేదానికన్నా వచ్చేది ఎక్కువైతే ఇల్లు బుడగలా ఉబ్బి లోపలి తడి గాలిని గోడల్లోకి నెడుతుంది, అది బయటి చెక్క పలకల దాకా వెళ్లి అక్కడ గడ్డకడుతుంది, ఎండాకాలం కరిగి గోడ లోపలే కుళ్లు మొదలవుతుంది. పైకి ఏమీ కనపడదు. పోయేది ఎక్కువైతే వాటర్ హీటర్ పొగ సంగతి ముందే చెప్పాను. రెండూ పది శాతం తేడాలోపు ఉంటే చాలు. ఇంత మిషన్ పెట్టి కొలవకుండా వదిలేయడం తూతూ మంత్రమే, తిరుగుతున్న ఫ్యాన్ శబ్దం విని గాలి వస్తోందనుకునే ఇళ్లు ఎన్ని ఉన్నాయో.

ఆ చలికాలం తలుపు వేసుకుని పడుకున్నా తెల్లారేసరికి కార్బన్ డయాక్సైడ్ 900 చుట్టూ ఉంటోంది. తేమ 35 దగ్గర తిరుగుతోంది, కిటికీలు పొడిగా ఉన్నాయి, మరీ ఘోరమైన చలి రోజున అడుగున సన్నటి తడి గీత వస్తుంది, తుడిచేస్తే సరి. బాగా చలిగా ఉన్నప్పుడు మిషన్ ఉన్నట్టుండి శబ్దం మారుస్తుంది, పాడైందేమోనని ఫోన్ చేస్తే అది డీఫ్రాస్ట్ అన్నారు. కోర్‌లో మంచు పట్టకుండా బయటి గాలి దారి మూసేసి ఇంట్లో గాలినే కాసేపు తిప్పుతుందట. ఆ కాసేపు కొత్త గాలి రాదు, మీటర్‌లో అంకె కాస్త పైకి పోయి దిగుతుంది.

వంటింటి పొగను దీనికి కలపకూడదు, నూనె జిడ్డు కోర్‌ని పాడుచేస్తుంది, దానికి చిమ్నీ విడిగా బయటికే ఉండాలి. మా చిమ్నీని పూర్తి వేగంతో తిప్పితే ఇల్లు మళ్లీ లోపలికి గుంజుతుంది, కాబట్టి అప్పుడు పక్క కిటికీ కొద్దిగా తీస్తాం, వాటర్ హీటర్ దగ్గర కార్బన్ మోనాక్సైడ్ అలారం ఉంది. హీటర్ మార్చే రోజు వచ్చినప్పుడు గాలి నేరుగా బయటినుంచి తీసుకునే సీల్డ్ రకం పెడతాం.

నిర్వహణలో అందరూ మరిచిపోయేది బయటి మూతికి ఉన్న జాలీ. దూది, ఆకులు, పురుగులు, చలికాలం మంచు పొర. అది మూసుకుంటే లోపలికి వచ్చేది తగ్గి, అంత కష్టపడి సర్దిన సమతూకం చెడుతుంది. ఫిల్టర్లు మూడు నెలలకోసారి తీసి చూస్తున్నాను. అడవులు తగలబడి పొగ వచ్చే రోజుల కోసం సన్నటి కణాలను కూడా పట్టే మెర్వ్ 13 రకం ఫిల్టర్ పెట్టాలనుకుంటే అది గాలిని మరింత అడ్డుకుంటుంది, పెట్టాక మళ్లీ కొలవాలి.

ఇక రేడాన్, అంటే నేలలోంచి ఇంట్లోకి ఊరే రేడియోధార్మిక వాయువు. మిషన్ పెట్టాం కదా అదీ పోతుందనుకోకండి, కొంత తగ్గితే తగ్గవచ్చు, కానీ ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు పొగతాగడం తర్వాత పెద్ద కారణం అదే కాబట్టి విడిగా పరీక్షించాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే హద్దు ఘనపు మీటరుకు 100 బెక్వెరెల్స్ (రేడియోధార్మికత కొలత). కనీసం మూడు నెలలు, అదీ చలికాలంలో కొలిస్తేనే అంకెకు విలువ. మా డిటెక్టర్ బేస్‌మెంట్‌లో పెట్టి ఉంది, హద్దు దాటితే నేల కింది గాలిని పైపుతో బయటికి లాగేసే ఫ్యాన్ పెట్టించాలి, దానికి మళ్లీ వేరే కాంట్రాక్టరు.