బుడమేరు నీళ్లలో నానిన టీకా కార్డు: నా అనుభవం

మా పాప టీకాల కార్డు బీరువా అడుగు అరలో ఉండేది. రేషన్ కార్డు, గ్యాస్ పుస్తకం, ఇంటి అద్దె ఒప్పందంతో కలిపి ఒకే ప్లాస్టిక్ కవరులో పెట్టి, జిప్పు లాగి, భద్రం చేశానని సంతోషపడ్డది నేనే. 2024 సెప్టెంబరు 1, ఆదివారం ఉదయం విజయవాడ సింగ్‌నగర్‌లో మా వీధిలోకి నీళ్లు వచ్చినప్పుడు మొదట మురుగుకాలువ పొంగిందనుకున్నాం. అది బుడమేరు వాగు అని తెలిసేసరికి మంచం కోళ్లు మునిగాయి. పాపను, పాల డబ్బాను, నాలుగు జతల బట్టలను పట్టుకుని మేడ మీద ఇంటి యజమాని వాటాలోకి ఎక్కాం. బీరువా ఎవరికీ గుర్తు రాలేదు.

మూడో రోజు పడవలో ఫ్లైఓవర్ దగ్గరికి చేరి, అక్కడి నుంచి గుంటూరులో మా అత్తగారింటికి వెళ్లాం. పాపకు అప్పటికి సరిగ్గా ఏడాదిన్నర. నీటి మార్పో, పడవలో తడవడమో, వెళ్లిన మర్నాడే విరేచనాలు పట్టుకున్నాయి. నేను మందుల దుకాణానికి పరుగెత్తి ఓఆర్‌ఎస్ అడిగితే రంగురంగుల అట్టపెట్టెలో పళ్లరసంలాంటిది ఇచ్చారు. పాప ఇష్టంగా తాగింది కూడా. ఆ సాయంత్రమే విజయవాడ సత్యనారాయణపురంలో మేము చూపించుకునే పిల్లల క్లినిక్ నుంచి ఫోనుకు సందేశం వచ్చింది. వరద ప్రాంతాల పిల్లల తల్లిదండ్రులందరికీ పంపినట్టున్నారు. అందులో ఒక వాక్యం నాకోసమే రాసినట్టుంది: తియ్యటి అట్టపెట్టె పానీయం ఓఆర్‌ఎస్ కాదు, లీటరుకు సరిపోయే పొడి పొట్లం కొనండి, మొత్తం పొట్లాన్ని లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో కలపండి, సగం పొట్లం సగం గ్లాసు లెక్కలు వద్దు, కలిపినది ఒక్క రోజే వాడండి. చక్కెర ఎక్కువైతే విరేచనాలు ఇంకా పెరుగుతాయట. మిగిలిన పెట్టెలు మా బావమరిది తాగాడు. పాపకు పొట్లం, దానితోపాటు పద్నాలుగు రోజుల జింకు. విరేచనాలు తగ్గినా జింకు మానవద్దని కూడా ఆ సందేశంలోనే ఉంది. లేకపోతే మేము నాలుగో రోజే మానేసేవాళ్లం.

ఏడాది తరువాత, 2025 అక్టోబరులో, అలాంటి పానీయాల పేర్లలో ఓఆర్‌ఎస్ అన్న మాటే వాడకూడదని ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ ఆదేశించింది. దాని వెనుక హైదరాబాద్ పిల్లల వైద్యురాలు శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి చేసిన పోరాటం ఉందని పత్రికల్లో చదివినప్పుడు నాకు మా బావమరిది ముఖం గుర్తొచ్చింది.

నీళ్లు తీశాక ఇంటికి వచ్చాం. బీరువా తలుపు తుప్పుతో బిగుసుకుపోతే గడ్డపారతో తెరిచాను. ప్లాస్టిక్ కవరు చెక్కుచెదరలేదు. అదే కొంప ముంచింది. జిప్పు సందులోంచి లోపలికి వెళ్లిన నీళ్లు బయటికి వచ్చే దారి లేక, కార్డు అన్ని రోజులూ అందులోనే నానింది. కవరు లేకపోతే కనీసం ఆరేదేమో. ఫ్యాను కింద పరిచి, పాత పత్రికల మధ్య పెట్టి, రెండు రోజులు ఆరబెట్టాను. అచ్చు వేసిన అక్షరాలన్నీ ఉన్నాయి. చేత్తో రాసినవాటిలో బాల్ పెన్నుతో రాసినవి నిలిచాయి, జెల్ పెన్నుతో రాసినవి నీలపు మరకలయ్యాయి. మా పాప కార్డు మీద ఎవరెవరు ఏ పెన్ను వాడారో నాకు అప్పుడే తెలిసింది.

ఇంట్లో ఒకటే కంగారు. పద్దెనిమిదో నెల బూస్టరు వేయించాలి. వెనకటివి ఏవి పడ్డాయో చెప్పే కాగితం లేదు. క్లినిక్ వాళ్ల రెండో సందేశం కాస్త ధైర్యం ఇచ్చింది: వరదలో కార్డు పోయినవారు టీకాలు మానవద్దు, కంగారుపడి అన్నీ మొదటి నుంచి వేయించనూ వద్దు, తడిసినదైనా చిరిగినదైనా దొరికిన కాగితమల్లా తీసుకుని రండి.

ఆ క్లినిక్ గురించి ఒక మాట చెప్పాలి. మెట్ల పక్కన నల్లబల్ల ఉంటుంది. ప్రతి సోమవారం డాక్టరమ్మ స్వయంగా సుద్దముక్కతో రాస్తారు. ఒక వారం దోమల గురించి, ఇంకో వారం వేరుశనగ గింజలు గొంతులో ఇరుక్కోవడం గురించి. తెలుగులోనే, అదీ మా అమ్మకు కూడా అర్థమయ్యే తెలుగులో. నేను వెళ్లిన మిగతా చోట్ల గోడ నిండా ఇంగ్లీషు పోస్టర్లే చూశాను. ఆ రోజు బల్ల మీద ఒక్కటే ఉంది: 'తడిసిన కార్డులు: కౌంటర్ దగ్గర సిస్టర్‌కు చూపించండి.' నా ముందు అప్పటికే ఆరుగురున్నారు. ఒకాయన కార్డును ఇస్త్రీ చేసి తెచ్చాడు. పాపం, మూల కాలిపోయింది.

సిస్టర్ లావుపాటి రిజిస్టరు తీశారు. అందులో పేర్ల పట్టిక లేదు, తేదీల వారీగా రాసుకుంటూ పోయారు. "పాప నాన్నగారూ, ఏ రోజు వచ్చారో చెబితే చాలు, ఏ టీకా వేశామో, ఏ బ్యాచో కూడా చెబుతాను" అన్నారు. ఏ రోజు వచ్చామో ఎవరికి గుర్తుంటుంది? ఆటోనగర్‌లో విడిభాగాల దుకాణంలో లెక్కలు రాసే ఉద్యోగం నాది. బిల్లు దొరకనప్పుడు చెల్లింపు తేదీ పట్టుకుని వెనక్కి వెళ్లడం మాకు అలవాటే. ఫోన్‌పే తెరిచి, క్లినిక్ పేరు కొట్టి, చెల్లింపులన్నీ ఒక కాగితం మీద రాసిచ్చాను. సిస్టర్ పేజీలు తిప్పడం, నేను తేదీ చదవడం, ఆవిడ టీకా పేరు చెప్పడం. తొమ్మిదో నెల ఎంఎంఆర్ (తట్టు, గవదబిళ్లలు, రుబెల్లాకు వేసేది) దొరికింది. పన్నెండో నెలది, పదిహేనో నెలవి దొరికాయి. ఒక చెల్లింపుకు టీకా లేదు. అది జలుబుకు వచ్చిన రోజు. వెనక నిలబడ్డ ఇద్దరు కూడా ఫోన్లు తీశారు.

అయితే మా పాప ఆ క్లినిక్‌కు వచ్చింది ఆరో నెలలో. అంతకుముందువన్నీ గుంటూరులో, పుట్టింటిలో. మొదటి రోజు రిజిస్టరులో 'పాతవి వేయించారు' అని ఒక్క ముక్క ఉంది. డాక్టరమ్మ దాన్ని చూసి, సిస్టర్ వైపు చూసి, "ఇది వాళ్లు చెప్పింది మనం రాసుకున్నాం. మనం చూసింది కాదు" అన్నారు. సిస్టర్ ముఖం చిన్నబోయింది.

సెలవు పెట్టి గుంటూరు బస్సెక్కాను. పుట్టినప్పుడు వేసే బీసీజీ (క్షయకు వేసే టీకా), పోలియో చుక్కలు, హెపటైటిస్ బి కోసం కాన్పు జరిగిన ఆసుపత్రికి వెళితే పాత రికార్డులు వేరే భవనంలో ఉన్నాయన్నారు. ఆ భవనంలో దరఖాస్తు రాయమన్నారు. దరఖాస్తు తీసుకునే ఆయన భోజనానికి వెళ్లారన్నారు. రెండోసారి వెళితే సంతకం చేసే ఆయన లేరు. మూడోసారి వెళ్లే ఓపిక లేక అత్తయ్యగారి దగ్గర చెప్పుకుంటే, ఆవిడ ఏమీ మాట్లాడకుండా దేవుడి గదిలోకి వెళ్లి, పాత పంచాంగాల మధ్య నుంచి డిశ్చార్జి కాగితం జిరాక్సు తీసిచ్చారు. మూడు టీకాలూ తేదీతో సహా అందులో ఉన్నాయి. పుట్టిన తేదీ పత్రం కోసం తీయించిన కాపీ అట. "ముందే అడగవచ్చు కదా బాబూ" అన్నారు.

ఆరు వారాలవి, పది వారాలవి వార్డు ఆరోగ్య కేంద్రంలో బుధవారం నాడు వేయించినవి. అక్కడి నర్సు ఏఎన్ఎం గారు మా ఆవిడ పేరు, ఫోను నంబరు అడిగారు. గర్భం నమోదు చేసినప్పుడే తల్లికి ఒక నంబరు ఇస్తారట, బిడ్డ వివరాలు దాని కింద చేరతాయట. పది నిమిషాల్లో రెండు తేదీలు దొరికాయి. కొత్త కార్డు ఇచ్చి తానే నింపారు. నన్ను తిప్పించుకోకుండా పని అయిన చోటు ఇదొక్కటే.

మిగిలింది పద్నాలుగు వారాల మోతాదు. కంఠసర్పి, కోరింతదగ్గు, ధనుర్వాతం, హెపటైటిస్ బి, హిబ్ (న్యుమోనియా లాంటివి తెచ్చే బాక్టీరియా) అనే అయిదింటికీ కలిపి వేసే టీకాలో మూడోది. అప్పుడు మా బావమరిది పెళ్లి హడావిడిలో ఉండి, కేంద్రానికి కాకుండా ప్రైవేటు డాక్టరు దగ్గరికి వెళ్లారు. ఆ క్లినిక్ ఇప్పుడు లేదు. డబ్బు అత్తయ్యగారు చేతికి ఇచ్చారు, కాబట్టి ఫోన్‌పే సాక్ష్యమూ లేదు. కార్డులో ఆ గడిలో నీలపు మరక మాత్రం ఉంది.

"మరక ఉందంటే అక్కడ ఏదో రాశారనే కదా?" అంది మా ఆవిడ. వేయించానని ఆమె ఒట్టు వేస్తుంది. నేనేమో ఆ రోజు ఊళ్లో లేను. డాక్టరమ్మ కార్డును కిటికీ వెలుతురుకు ఎత్తి చూశారు.

"మీ మాట నేను నమ్ముతాను తల్లీ. కానీ మరకకు తేదీ ఉండదు. పైగడిలోంచి కారిందో, ఇక్కడే రాసిందో చెప్పలేం."

రాతలో ఆధారం లేని మోతాదును పడనట్టే లెక్కించాలని చెప్పారు. ఇప్పటికే పడి ఉంటే ఇంకోటి వేసినందువల్ల చెయ్యో తొడో కాస్త ఎక్కువ వాచవచ్చు, అంతే. పడకుండా ఉండి మనం వదిలేస్తే మాత్రం పాప దగ్గర ఒక మోతాదు తక్కువ. ఇప్పుడు వేసేదాన్ని మూడోదిగా రాసి, బూస్టరును ఆరు నెలలు జరిపారు. విరేచనాలు రాకుండా వేసే రోటా చుక్కలలో ఒకటి తగ్గినా ఇక చేసేదేమీ లేదని, వాటికి వయసు దాటిపోయిందని చెప్పారు. బీసీజీకి మాత్రం కాగితంతోపాటు ఎడమ భుజం మీద మచ్చ కూడా ఉంది.

మా ఆవిడ ఒప్పుకుంది, కానీ సూది వేస్తున్నంతసేపూ గోడవైపు తిరిగి నిలబడింది. పాప ఏడుపు కన్నా ఆ నిలబడడమే నాకు కష్టంగా అనిపించింది.

రాత్రి జ్వరం వచ్చింది. క్లినిక్ వాళ్లు ఇచ్చిన చీటీ మీద పాప బరువు పది కిలోలు, ఒక్కసారికి పారాసిటమాల్ 150 మిల్లీగ్రాములు అని రాసి, కింద మూడు వరుసలు ఉన్నాయి. చుక్కల మందయితే ఒకటిన్నర మిల్లీలీటర్లు, అయిదు మిల్లీలీటర్లలో 120 మిల్లీగ్రాములుండే సిరప్ అయితే ఆరు, 250 సిరప్ అయితే మూడు. మా ఇంట్లో సీసా 250ది. ఆ రాత్రి వరకు నేను సీసా ఏదైనా అయిదు మిల్లీలీటర్ల మూతతోనే పోసేవాణ్ణి. చీటీ రెండుసార్లు చదివి, సీసా మీద అంకె మూడుసార్లు చూసి, సిరంజిలో మూడు తీశాను. మా ఆవిడ పక్కనే నిలబడి, "ఇన్నాళ్లూ ఎంత పోశారు?" అంది. నేను వినపడనట్టు ఊరుకున్నాను. తెల్లవారేసరికి జ్వరం తగ్గింది.

బూస్టరుకు ముందురోజు సాయంత్రం సందేశం వచ్చింది. మర్నాడు వెళ్లాం. ఇప్పుడు కార్డు ఫొటో నా ఫోనులో ఒకటి, మా ఆవిడ ఫోనులో ఒకటి. జిరాక్సు ఒకటి పంచాంగాల మధ్యకు చేరింది. అసలుది బీరువా పై అరలో ఉంది, కవరు లేకుండా.

సిస్టర్ రిజిస్టరులో మా పాత పేజీ తీసి, 'పాతవి వేయించారు' అన్న ముక్క కింద అన్ని తేదీలూ చేర్చి ఉంచారు. కార్డులో కొత్త గడి నింపడానికి పెన్ను కనపడక అటూఇటూ వెతుకుతుంటే నేను జేబులోది తీసిచ్చాను. ఆవిడ మూత తీసి, మొన చూసి, నాకే తిరిగి ఇచ్చేశారు.

"జెల్ పెన్ను వద్దండీ," అని సొరుగులోంచి బాల్ పెన్ను తీసుకున్నారు.