గిరి గీసిన నగరంలో మా వాడి బడి

నేను పనిచేసే శీతల గిడ్డంగి మెల్‌బోర్న్‌కు పడమటి వైపున్న ట్రుగనీనాలో ఉంది, మా ఇల్లు దాన్ని ఆనుకొని ఉన్న టార్నీట్‌లో. మధ్యాహ్నం రెండింటికి మొదలయ్యే నా షిఫ్టు రాత్రి పదింటికి ముగుస్తుంది. కొవిడ్ వ్యాప్తిని ఆపడానికి 2020 ఆగస్టు 2వ తేదీ ఆదివారం నుంచి నగరమంతటా రాత్రి 8 గంటల నుంచి తెల్లవారుజామున 5 గంటల దాకా కర్ఫ్యూ విధించినప్పుడు, ఇంటికి తిరిగివచ్చే ఆ పావుగంట ప్రయాణానికి యజమాని సంతకం చేసిన అనుమతి పత్రాన్ని జేబులో పెట్టుకొని తిరగవలసి వచ్చింది. ఆ దారిలో ఒక్క బండి కూడా ఎదురుకాని రాత్రులు ఎన్నో. రెండుసార్లు పోలీసులు ఆపి, పత్రం చూసి, మర్యాదగానే పంపించివేశారు. అయినా పనిచేసి అలసి ఇంటికి వస్తున్న మనిషి తాను తప్పు చేయలేదని రుజువు చేసుకోవలసిన స్థితి మనసుకు ఎంత బరువుగా ఉంటుందో, ఆ రోడ్డు మీద ఆగినప్పుడే నాకు తెలిసింది.

ఆ ఆంక్షలు ఎందుకు వచ్చాయో నాకు తెలియకపోలేదు. విదేశాల నుంచి వచ్చినవారిని ఉంచిన హోటళ్ళ నుంచి వైరస్ ఊళ్ళోకి పాకింది. ఆగస్టు మొదటి వారానికి మా నగరమున్న విక్టోరియా రాష్ట్రంలో ఒక్కరోజులో నమోదయ్యే కేసులు 700 దాటాయి. ఆ ఉప్పెనలో దాదాపు 800 మంది కన్నుమూశారు, వారిలో ఎక్కువమంది వృద్ధాశ్రమాల్లో ఉన్న పెద్దలు. మేముండే విండమ్ ప్రాంతం కేసుల పట్టికలో పైవరుసలోనే ఉండేది. అందువల్ల ఆ ఏడాది బడులు మూసినప్పుడు మేము గొణుక్కోలేదు, గేటు దాటవద్దంటే దాటలేదు. నా బాధ, ఇన్నేళ్ళయినా చల్లారని నా కోపం, ఆ మొదటి మూసివేత గురించి కాదు. ఒకసారి అలవాటైన మూసివేత ఆ తరువాత ఎంత తేలికగా, ఎన్నిసార్లు, ఎవరి మీద పడిందన్నదాని గురించి.

మా వాడు 2020 జనవరి చివరిలో ప్రెప్ తరగతిలో చేరాడు. ఇక్కడ అయిదేళ్ళ పిల్లలు మొట్టమొదట అడుగుపెట్టే తరగతి అది. ఇంట్లో తెలుగే మాట్లాడుకోవాలని మేమిద్దరం వాడు పుట్టకముందే నిర్ణయించుకున్నాము, ఇంగ్లీషు బడిలో దానంతట అదే వస్తుందని పెద్దలందరూ చెప్పారు. ఆ మాట అబద్ధం కాదు. మొదటి ఏడెనిమిది వారాల్లోనే వాడు మంచినీళ్ళు అడగడం, దొడ్డికి వెళ్ళాలని చెప్పడం, వరుసలో తన వంతు కోసం నిలబడడం నేర్చుకున్నాడు, వియత్నాం దంపతుల పిల్లవాడొకణ్ణి స్నేహితుడిగా సంపాదించుకున్నాడు. మార్చి 24న సెలవులు ముందుకు జరిగాయి, ఏప్రిల్ మధ్యలో బడి తెర మీదికి వచ్చింది. మే 26న చిన్న తరగతులను వెనక్కి పిలిచారు. జులైలో మళ్ళీ మూసి, అక్టోబరు 12 దాకా తెరవలేదు. వెబెక్స్ వీడియో కాల్ తెర మీద ఇరవైకి పైగా చిన్న ముఖాలు చదరాల్లో కనిపించేవి. తన పేరు పిలిచినప్పుడల్లా వాడు బల్ల కిందికి దూరేవాడు. టీచరు ఎంతో ఓపికగల మనిషి, వారానికొకసారి ఫోను చేసి మాతో మాట్లాడేది. ఆమె మీద నాకు గౌరవం తప్ప మరేమీ లేదు. కానీ బల్ల కింద కూర్చున్న పిల్లవాడిని ఫోను లోంచి చేయి పట్టుకొని లేపడం ఎవరి తరమూ కాదు.

అక్షరాలు నేర్పే పని మా మీద పడింది. ఇక్కడ ప్రెప్‌లో అక్షరం పేరు కన్నా ముందు దాని ధ్వని నేర్పుతారు, ధ్వనికి పెదవులు ఎలా కదలాలో పిల్లవాడు టీచరు నోరు చూసి నేర్చుకుంటాడు. మన భాషలో 'వ' ఒక్కటే. ఇంగ్లీషులో పెదవులు గుండ్రంగా చుట్టి పలికే వకారం ఒకటి, పై పళ్ళు కింది పెదవికి ఆనించి పలికేది మరొకటి. తడి (wet) అనే మాటకూ, పశువుల డాక్టరు (vet) అనే మాటకూ తేడా ఆ ఒక్క ధ్వనిలోనే ఉంది. పన్నెండేళ్ళుగా ఈ దేశంలో ఉన్నా నాకు ఆ తేడా నోట పలకదు, నా భార్యకూ అంతే. పాఠం పుస్తకంలోని రెండు బొమ్మలనూ నేను ఒకేలా పలుకుతూ ఉంటే వాడు నా ముఖంలోకి చూసి, "నాన్నా, రెండూ ఒకటేనా?" అని అడిగాడు. ఇంజినీరింగ్ చదివి, దేశం దాటి వచ్చి, కొడుకుకు ఒక అక్షరం నేర్పలేకపోయిన ఆ సాయంత్రం నేను ఎన్నటికీ మరచిపోలేను. ఇంటి భాష ఇంగ్లీషైన పిల్లలకు బడి మూతపడితే పాఠం వెనకబడింది. మా పిల్లలకైతే ఈ దేశంలోకి వెళ్ళే ద్వారమే మూసుకుపోయింది. ఆ నష్టాన్ని లెక్కించిన కాగితం ఏదీ నా కంటపడలేదు.

తప్పనిసరి పనులకు వెళ్ళేవారి పిల్లల కోసం బడులు కొంత తెరిచే ఉంచారు. నేను అటువంటి పనివాడినే కనుక మా వాడికీ చోటు దొరుకుతుందనుకున్నాము. ఇంట్లో పిల్లవాడిని చూసుకోగల పెద్దవాళ్ళు ఒక్కరున్నా ఆ చోటు ఇవ్వరని తరువాత తెలిసింది. నా భార్య సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ పని చేస్తుంది. పొద్దున తొమ్మిదింటి నుంచి సాయంత్రం అయిదింటిదాకా చెవులకు హెడ్‌సెట్ తగిలించుకొని మీటింగుల్లోనే ఉంటుంది. నేను మధ్యాహ్నం ఒంటిగంటన్నరకు బయలుదేరిన తరువాత ఆమె ఒక చేత్తో కంప్యూటరు, మరో చేత్తో బిడ్డ పాఠాలు నడిపేది. ఇంట్లో ఉండడమంటే ఖాళీగా ఉండడమని ఆ నిబంధన రాసినవారు అనుకొని ఉండాలి. ఆడవాళ్ళు ఇంట్లో చేసే పనిని పనిగా చూడని చూపు మన ఊళ్ళలోనే ఉందని నేను అంతవరకూ భ్రమపడి ఉన్నాను.

ఇక నా గిడ్డంగి సంగతి. ఒక్కో షిఫ్టుకు అరవైమందిమి, మైనస్ 20 డిగ్రీల చలిలో సూపర్‌మార్కెట్లకు వెళ్ళే బఠానీలు, చేపలు, ఐస్‌క్రీములు ప్యాలెట్ల మీదికి ఎక్కిస్తాము. జనం భయంతో బీరువాలు నింపుకుంటున్న ఆ రోజుల్లో మాకు ఓవర్‌టైము పెరిగింది తప్ప తగ్గలేదు. ఊపిరి తడి మాస్కుకు పట్టి, అది పలకలాగా గట్టిపడి పెదవులకు గీసుకునేది. గేటు దగ్గర జ్వరం చూసేవారు, భోజనాల గదిలో ఒక కుర్చీ విడిచి ఒక కుర్చీకి టేపు చుట్టారు. మాలో సగం మంది ఏజెన్సీ ద్వారా వచ్చిన క్యాజువల్ కూలీలు. జ్వరం వచ్చి ఇంట్లో ఉంటే ఆ రోజు జీతం పోతుంది. సెలవు జీతం లేని అస్థిరమైన ఉద్యోగాలు వ్యాప్తికి ఒక పెద్ద కారణమని అప్పటి రాష్ట్ర ప్రీమియర్ (ముఖ్యమంత్రి) డేనియల్ ఆండ్రూస్ ఆ జులైలో తానే చెప్పారు. పరీక్ష ఫలితం కోసం ఇంట్లో ఆగినవారికి రాష్ట్రం మొదట 300, తరువాత 450 డాలర్లు ఇవ్వడం కూడా ఆ గ్రహింపు వల్లనే మొదలైంది, అది మంచి పని. అయితే నిబంధన మీరితే కట్టవలసిన జరిమానా 1,652 డాలర్లు. మా వాళ్ళలో చాలామందికి అది వారం జీతానికి మించిన సొమ్ము. అరవైమంది పెద్దవాళ్ళము ఒకే కప్పు కింద, మూసిన తలుపుల వెనక, పక్కపక్కనే నిలబడి పనిచేయవచ్చు; ఇరవైమంది పిల్లలు కిటికీలు తెరిచిన గదిలో కూర్చోకూడదు. రెండూ ఒకే నగరంలో, ఒకే రోజున అమలైన నియమాలు. ఊరికి తిండి కావాలి కనుక గిడ్డంగి నడవాలన్న వాదన నాకు అర్థమవుతుంది. బడి కూడా ఆ జాబితాలోనే ఎందుకు లేదని మాత్రమే నేను అడుగుతున్నాను.

కర్ఫ్యూతో పాటే ఇంటి చుట్టూ అయిదు కిలోమీటర్ల గిరి గీశారు. సరుకులకు రోజుకు ఇంటికొక్కరు, నడకకు రోజుకు గంట. మన ఇంటి నుంచి ఎంతదూరం వెళ్ళవచ్చో పటం మీద గీసి చూపించే వెబ్‌సైట్లు వచ్చాయి. ఆ వృత్తంలో మాకు దక్కినవి ఇళ్ళ వరుసలు, రెండు షాపింగ్ సెంటర్లు, ఇంకా కట్టుబడి పూర్తికాని ఖాళీ స్థలాలు. పాయింట్ కుక్‌లో ఉండే మా మిత్ర కుటుంబం గిరికి అవతల. సముద్రం అవతల. ప్రతి ఉగాదికీ తప్పకుండా వెళ్ళే కారమ్ డౌన్స్ శివవిష్ణు ఆలయం నగరానికి ఆ చివర. పుట్టి పెరిగిన ఊరు, చుట్టాలు అందరూ ఉన్నవాడికి అయిదు కిలోమీటర్లలో ఒక అన్నో, అత్తో, చిన్నప్పటి స్నేహితుడో ఉంటారు. కొత్తగా లేచిన కాలనీలో ఇల్లు కొనుక్కున్న వలసవాడికి ఆ గీత లోపల ఉండేవాళ్ళందరూ పేరు తెలియని ఇరుగుపొరుగువారే.

2021లో అంతా కుదుటపడిందనుకున్నాము. ఆ ఏడాదే నాలుగుసార్లు మూశారు. ఏప్రిల్, మే నెలల్లో తెనాలిలో మా అమ్మకు కొవిడ్ సోకింది, మా పెద్ద మేనమామ గుంటూరు ఆస్పత్రిలో పోయాడు. అంతిమ సంస్కారం నేను భోజన విరామంలో, గిడ్డంగి కారు పార్కింగులో నిలబడి ఫోనులో చూశాను. ఆస్ట్రేలియా పౌరులు, శాశ్వత నివాసులు దేశం విడిచి వెళ్ళాలంటే అప్పట్లో అనుమతి కావలసి వచ్చేది. మే 3 నుంచి 15 దాకా భారతదేశం నుంచి తిరిగివచ్చేవారికి అయిదేళ్ళ దాకా జైలు, 66,600 డాలర్ల దాకా జరిమానా అన్న ఉత్తర్వు వేరే. అమ్మ కోలుకున్నది. "నువ్వు రావద్దు నాయనా, పిల్లవాడి బడి చూసుకో" అని ఆమె నీరసంగా అన్న వారమే, మే 28న, ఇక్కడ నాలుగోసారి బడి మూతపడింది.

ఇవన్నీ ఓర్చుకున్నవాడిని నేను ఓర్చుకోలేనిది ఆగస్టు 16న జరిగింది. ఆరో లాక్‌డౌన్ అప్పటికే పదకొండు రోజులుగా నడుస్తోంది. ఆ రోజు మెల్‌బోర్న్‌లో మళ్ళీ రాత్రి కర్ఫ్యూ ప్రకటించి, పిల్లల ఆటస్థలాలనూ మూసివేశారు. జారుడుబల్ల చుట్టూ, ఉయ్యాలల చుట్టూ టేపు కట్టారు. పెద్దవాళ్ళు అక్కడ గుమిగూడుతున్నారని కారణం చెప్పారు. గుమిగూడినది పెద్దవాళ్ళయితే ఉయ్యాల పిల్లలకెందుకు పోవాలి? ఆరుబయట, గాలి వీచేచోట, రోజుకు ఒక్క గంట ఆడుకునే ఆరేళ్ళ పిల్లల వల్ల ఊరికి వచ్చే ముప్పు ఏమిటో నాకు ఈనాటికీ బోధపడలేదు. ఆ సాయంత్రమే తెనాలి నుంచి మా అక్క ఫోను చేసింది. ఏడాదిన్నరగా అతుకుల బొంతలాగా సాగిన చదువుల తరువాత ఆంధ్రప్రదేశ్‌లో బడులు తెరిచినది సరిగ్గా ఆ రోజే. మేనకోడలు కొత్త యూనిఫారం వేసుకొని ప్రభుత్వ పాఠశాలకు వెళ్ళివచ్చిన సంబరం చెప్పి, "మీ దగ్గర ఇంకా తెరవలేదేంట్రా? అంత పెద్ద దేశం, అన్ని వసతులు!" అంది. నేను జవాబు చెప్పలేకపోయాను. అక్కడ పోయిన ప్రాణాల ముందు మా ఇబ్బంది చిన్నదని నాకు తెలుసు. అయినా ఆ రాత్రి నా బిడ్డను తలచుకొని నేను మొదటిసారి కళ్ళనీళ్ళు పెట్టుకున్నాను. ఆటస్థలాలు సెప్టెంబరు మొదటి వారంలో తెరిచారు. ఆ రెండున్నర వారాలూ నా భార్య వాడిని పార్కు వైపు తీసుకువెళ్ళకుండా వేరే వీధి చుట్టి నడిపించింది.

సెప్టెంబరు 22 ఉదయం తొమ్మిదింపావుకు భూమి కంపించింది. మాన్స్‌ఫీల్డ్ దగ్గర పుట్టిన 5.9 తీవ్రత భూకంపం మా ఇంటి కిటికీలను గడగడలాడించింది. వాడిని ఎత్తుకొని మేమిద్దరం ముందు గుమ్మంలోంచి వీధిలోకి పరుగెత్తుతుండగా, వాడు నా భుజం మీది నుంచి వెనక్కి తిరిగి, "అమ్మా, మాస్కు! మాస్కు మరచిపోయావు!" అని కేక వేశాడు. ఇంటికి ఏమీ కాలేదు. ఆ కేక మాత్రం నా చెవిలో ఉండిపోయింది. భయపడవలసిన విషయాల వరుసలో ఊగుతున్న ఇంటికన్నా ముందు అమ్మ ముఖం మీద లేని గుడ్డను పెట్టడం ఆ బిడ్డకు మేమూ ఈ నగరమూ కలిసి నేర్పాము.

పదహారేళ్ళు దాటినవారిలో నూటికి 70 మందికి రెండు డోసులు పూర్తయ్యాక, అక్టోబరు 21 అర్ధరాత్రి ఆరో లాక్‌డౌన్ ముగిసింది. ఆరింటినీ కలిపితే 262 రోజులు. ఒకటి, రెండు తరగతుల పిల్లలను బడికి రమ్మన్నది ఆ రోజు ఉదయమే, అది గురువారం. వారానికి రెండు రోజులతో మొదలు. పొద్దునే యూనిఫారం తొడిగి, ఫిబ్రవరిలో కొన్న నల్ల బూట్లు వేయబోతే వాడి పాదం పట్టలేదు. మడమ ఎంత నొక్కినా లోపలికి దిగలేదు. బూట్ల దుకాణాల్లోకి వెళ్ళి కొనుక్కునే వీలు ఇంకో వారానికి గానీ లేదు. ఇంట్లో వేసుకునే ఎర్ర స్పోర్ట్స్ బూట్లతోనే పంపించాము. యూనిఫారం విషయంలో కచ్చితంగా ఉండే బడి అది కనుక గేటు దగ్గర టీచరుకు సంజాయిషీ చెప్పుకుందామని నేను కూడా వెంట వెళ్ళాను. ఆమె ఆ బూట్ల వైపు చూసి, వరుసలో నిలబడ్డ మిగిలిన పిల్లల పాదాల వైపు చేయి చూపించింది. వాళ్ళలో సగం మంది రంగురంగుల బూట్లతోనే ఉన్నారు.